ఎర్రర్ మెసేజ్‌లో మాట్లాడేది ఎవరు?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట విజయవాడలో ఇంతమంది పిల్లలు డేటాబేస్‌ల గురించి వినడానికి వచ్చారు. చాలా సంతోషంగా ఉంది.

కొన్నేళ్ల కిందట గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి నేనొక ప్రోగ్రామ్ రాశాను. కాటా దగ్గర తూకాలు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో పడేవి. రైతుల ఖాతాలు, అద్దె లెక్కలు ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే ఇంకో డేటాబేస్‌లో ఉండేవి. గుమస్తాగారికి మాత్రం రెండూ ఒకే తెరమీద కావాలి. ఫలానా రైతువి ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఉన్నాయి, అద్దె ఎంత బాకీ? రైతు ఎదురుగా నిలబడి అడుగుతుంటే రెండు ప్రోగ్రాములు తెరిచి చూసే ఓపిక ఎవరికుంటుంది?

ఇలాంటి పని ఒకప్పుడు పెద్ద తలనొప్పి. ఒక్కో డేటాబేస్‌కు ఒక్కో లైబ్రరీ, ఒక్కో రకం ఫంక్షన్లు. డేటాబేస్ మారిస్తే ఆ కోడంతా తిరగరాయాల్సిందే. అందరికీ ఒకే పద్ధతి ఉండాలని ఎస్‌క్యూఎల్ యాక్సెస్ గ్రూప్ అనే కంపెనీల బృందం చేసిన పని ఆధారంగా మైక్రోసాఫ్ట్ 1992లో ఓడీబీసీ అనే పద్ధతిని తెచ్చింది. అందులో ఒక్కో డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీని డ్రైవర్ అంటారు. ఏ కనెక్షన్‌కు ఏ డ్రైవర్ అని చూసేది డ్రైవర్ మేనేజర్. లినక్స్‌లో యూనిక్స్‌ఓడీబీసీ అదే పని చేస్తుంది.

మన ప్రోగ్రామ్ ఒక డేటా సోర్స్ పేరు (డీఎస్ఎన్), అంటే ఏ డేటాబేస్ కావాలో తెలిపే పేరు, చెప్పి కనెక్షన్ అడుగుతుంది. డ్రైవర్ మేనేజర్ ఆ పేరును విండోస్‌లో అయితే సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో, లినక్స్‌లో అయితే ఓడీబీసీ డాట్ ఐఎన్ఐ ఫైల్లో వెతుకుతుంది. దానికి ఏ డ్రైవర్ రాసి ఉందో చూసి, ఆ లైబ్రరీని అప్పుడు మెమరీలోకి తెస్తుంది. ఈ కనెక్షన్ ఈ డ్రైవర్‌ది అని గుర్తు పెట్టుకుని, ఇక ఆ కనెక్షన్ మీద వచ్చే ప్రతి కాల్‌నూ దానికే పంపుతుంది. రెండో కనెక్షన్ తెరిస్తే దానికి ఇంకో డ్రైవర్. ఒకే ప్రోగ్రామ్‌లో రెండు డేటాబేస్‌లు పక్కపక్కనే నడిచేది ఇలాగే.

జావాలో దారి కొంచెం వేరు. అక్కడ డ్రైవర్ మేనేజర్ డేటాబేస్ చిరునామాను, అంటే యూఆర్ఎల్‌ను, తన దగ్గర నమోదైన డ్రైవర్లకు వరసగా చూపించి 'ఇది నీదేనా?' అని అడుగుతుంది. ఎవరూ నాది అనకపోతే 'నో సూటబుల్ డ్రైవర్' అంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. మన విజయవాడ రైల్వే జంక్షన్‌లో బండి చెన్నై వైపా, విశాఖ వైపా, కాజీపేట వైపా అన్నది పట్టాలు మార్చే పాయింట్లు తేలుస్తాయి. లోపలి సరుకును అవి ముట్టుకోవు. డ్రైవర్ మేనేజర్ కూడా అంతే, మీ క్వెరీని, అంటే డేటాబేస్‌ను మీరడిగే ప్రశ్నను, మార్చదు. మొదటి పది వరుసలకు మైఎస్‌క్యూఎల్‌లో లిమిట్ అని రాస్తాం, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టాప్ అని రాస్తాం. ఆ తేడా మీరే చూసుకోవాలి.

ఇది తెలిసి కూడా నేను ఒక రాత్రి తిప్పలు పడ్డాను. మార్చి నెల, గేటు బయట లారీలు బారులు తీరాయి. ఆఫీసులో కొత్త కంప్యూటర్ పెట్టాం. ప్రోగ్రామ్ తెరిస్తే 'డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్'. సెట్టింగుల్లో చూస్తే సిస్టమ్ డీఎస్ఎన్ అక్కడే ఉంది, టెస్ట్ కొడితే సక్సెస్ అంటోంది! కేబుల్ మార్చాను, పాస్‌వర్డ్ మార్చాను, సర్వర్ రీస్టార్ట్ చేశాను. రెండు గంటలు టెన్షన్.

చివరికి మెసేజ్‌ను మొదటి నుంచి చదివాను. ముందు చదరపు బ్రాకెట్లలో రెండే పేర్లు: మైక్రోసాఫ్ట్, ఓడీబీసీ డ్రైవర్ మేనేజర్. మాట్లాడుతున్నది డ్రైవర్ మేనేజర్, అంటే విషయం డ్రైవర్ దాకా కూడా వెళ్లలేదు. సర్వర్ నుంచి వచ్చిన ఎర్రర్ అయితే ఆ బ్రాకెట్లలో డ్రైవర్ పేరు, దాని తర్వాత ఎస్‌క్యూఎల్ సర్వర్ పేరు కనిపించేవి. నేను తిప్పలు పెట్టిన సర్వర్‌కు ఈ గొడవ సంగతే తెలియదు.

నా ప్రోగ్రామ్ 32 బిట్‌ది. డీఎస్ఎన్ పెట్టింది 64 బిట్ టూల్‌లో, అది 32 బిట్ ప్రోగ్రామ్‌కు కనపడదు. విండోస్‌లో ఆ రెండు టూల్స్ ఫైలు పేరూ ఒకటే, ఓడీబీసీఏడీ32. పైగా 64 బిట్‌ది సిస్టమ్32 ఫోల్డర్‌లో, 32 బిట్‌ది సిస్‌వావ్64లో ఉంటాయి. పేరు చూసి వెళితే తప్పుదారి ఖాయం. రెండోది తెరిచి డీఎస్ఎన్ మళ్లీ పెట్టాను. కనెక్ట్ అయింది. ఐదు నిమిషాల్లో మొదటి టిక్కీ కాటా ఎక్కింది.

ఇప్పుడు ఈ తెరమీద కావాలని మూడు ఎర్రర్లు తెప్పిస్తాను. ఒకదానికి డీఎస్ఎన్ పేరు, ఒకదానికి పాస్‌వర్డ్, ఒకదానికి టేబుల్ పేరు తప్పుగా ఇస్తాను. ఏది దేనికో చెప్పను. బ్రాకెట్లలోని పేర్లు చదివి, ఏ ఎర్రర్ ఎక్కడి దాకా వెళ్లి వచ్చిందో మీరు చెప్పాలి. వెనక బెంచీ వాళ్లతో మొదలుపెడదాం.