కొలత టేపు పట్టుకున్న వకీలు
(హైదరాబాద్‌లో న్యాయశాస్త్ర విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

చారిత్రక కట్టడాల చట్టంలో ఉపాధి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పిలుపు అందగానే కొంచెం మొహమాటపడ్డాను, ఎందుకంటే ఈ నగరంలో కేవలం ఈ చట్టాన్నే నమ్ముకుని ఇల్లు గడుపుతున్న వకీలు నాకు ఇంతవరకు తారసపడలేదు. నేనూ వారంలో ఎక్కువ రోజులు అద్దె తగాదాలు, భాగ పంపకాల దావాలు చూసుకుంటూ, మిగిలిన కొద్ది గంటలే పాత కట్టడాలకు ఇస్తాను. అయితే ఇందులో ముప్పాతిక వంతు పని కోర్టు బయటే ఉంటుంది గనుక, అది కొలతల్లో, కాగితాల్లో, పాత పటాల్లో నిదానంగా జరిగేది గనుక, పార్ట్‌టైమ్‌గా చేసేవారికే ఇది బాగా అమరుతుందని నా నమ్మకం.

నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో చార్మినార్ దగ్గరి ఒక సందులో ఉండే పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. "వకీల్ సాబ్, వాన పడితే దివాన్‌ఖానాలో గిన్నెలు పెట్టుకుని కూర్చుంటున్నాం, కప్పు బాగు చేయించుకోవాలి, వీలైతే పైన కొడుకు కోసం ఒక గది వేసుకోవాలి" అన్నారు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి అన్ని దిక్కులా 100 మీటర్ల మేర నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణం కుదరదు. ఉన్న ఇంటికి మరమ్మతులు మాత్రం అనుమతి తీసుకుని చేసుకోవచ్చు. నియంత్రిత ప్రాంతంలోనైతే అనుమతితో కొత్తగా కట్టుకోవడానికీ దారి ఉంది. నేను టేపు పట్టుకుని సందు వెంట కొలుచుకుంటూ పోయాను. సందు రెండు చోట్ల మలుపు తిరిగింది, లెక్క 100 దాటింది, పెద్దాయనకు పై గది మీద ఆశ పెట్టాను. దరఖాస్తు తిరిగి వచ్చింది. చట్టం దూరాన్ని సందుల వెంట కాక సూటిగా చూస్తుంది. పటం మీద స్కేలు పెడితే ఆ ఇల్లు నిషిద్ధ ప్రాంతంలోనే ఉంది. పై గది ఆశ పోయింది సరే, మరమ్మతుకు మాత్రమే మళ్లీ దరఖాస్తు రాసేలోగా ఒక వానాకాలం గడిచిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తరువాత డంగు సున్నంతోనే కప్పు వేయించుకుని, టీ తాగడానికి నన్ను ఇంటికి పిలిచారు.

కట్టడం ఏ జాబితాలో ఉంది, హద్దు ఎక్కడ మొదలవుతుంది అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం కేసు తేలినట్టే. చార్మినార్, గోల్కొండ కోట కేంద్రం రక్షణలో ఉన్నాయి. కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్రం చేతిలో ఉన్నాయి. ఈ రెండింటికీ చెందని పాత భవనాల పరిస్థితే చిక్కు. వాటికి ఒకప్పుడు, నగరంలో ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే 1981 నాటి జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన అండగా ఉండేది. జాబితాలో ఉన్న భవనాన్ని కూల్చాలన్నా మార్చాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలని అది చెప్పేది. 2015లో ప్రభుత్వం ఆ నిబంధనను తీసివేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. మధ్యలో ఏ భవనానికి ఏ రక్షణ మిగిలింది, దేనికి పోయింది అనే వాదన 2019లో ఎర్రమంజిల్ అనే పాత నవాబు భవనం వ్యవహారంలో హైకోర్టు ముందుకు వచ్చింది. ఆ భవనాన్ని కూల్చి కొత్త శాసనసభ భవనం కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని ధర్మాసనం ఆ ఏడాది సెప్టెంబర్ 16న కొట్టివేసింది. తీర్పును తప్పక చదవండి. చదివేటప్పుడు పిటిషనర్లు జత చేసిన కాగితాలు ఏమిటో కూడా చూడండి, ఎందుకంటే వారసత్వమన్న పెద్ద మాట ఎన్నిసార్లు పలికినా జాబితాలోని ఒక వరుస సంఖ్య చేసే పని అది చేయలేదు. ఇక పేరు సంగతి ఒకటుంది. ఇరమ్ అనే కథల్లోని ఉద్యానవనం పేరు పెట్టుకున్న ఆ మంజిల్ మన నోట ఎర్రమంజిల్ అయింది. రికార్డుల్లో వెతికేటప్పుడు రెండు రూపాలతోనూ వెతకకపోతే దొరకవలసిన కాగితం దొరకదు.

కాగితం అన్నాను గనుక ఎక్కడ దొరుకుతుందో చెబుతాను. 1908 సెప్టెంబర్‌లో మూసీకి వచ్చిన వరద తరువాత, 1912 నుంచి 1915 వరకు లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని కొలిచి గీసిన పటాలున్నాయి. ఏ ఇల్లు ఎంతవరకు ఉండేదో, సందు ఎక్కడ తిరిగేదో వాటిలో చూడవచ్చు. యజమాని చెప్పే హద్దుకూ ప్రభుత్వం చెప్పే హద్దుకూ పొసగనప్పుడు ఈ పటాలే మూడో సాక్షి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పారశీ, ఉర్దూ దస్తావేజులు ఉంటాయి. నాకు ఉర్దూ మాట్లాడడం వచ్చు గాని పాత చేతిరాత చదవడం రాదు, అందుకని చదవగలిగిన మిత్రుణ్ణి వెంటబెట్టుకుని వెళతాను. మీలో ఇంట్లో ఉర్దూ చదివినవారు ఉంటే, ఈ రంగంలో నాకన్నా మీకే గిరాకీ. సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. వారానికి కొద్ది గంటలే ఇచ్చేవారికి అంతకన్నా అనువైన సాధనం లేదు. అలాగే ఏదైనా కట్టడాన్ని కేంద్రం రక్షణలోకి తీసుకోదలచినప్పుడు ముందుగా గెజిట్‌లో ప్రకటన వేసి, అభ్యంతరాలకు రెండు నెలలు ఇవ్వాలి. ఆ రెండు నెలల్లో కూర్చుని శ్రద్ధగా రాసే మనిషి చాలాసార్లు ఉండడు. హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడానికి మాత్రం తరువాత అందరూ వస్తారు.

అమెరికాలో 1966 నాటి చట్టం, కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఒక పనికి డబ్బు లేదా అనుమతి ఇచ్చే ముందే చారిత్రక స్థలాలపై దాని ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోవాలని చెబుతుంది. అందువల్ల అక్కడ ఇలాంటి పని రోడ్లతో, వంతెనలతో పాటే పుడుతుంది. మన దగ్గర అది ఎక్కువగా ఒక్కో ఇంటి దరఖాస్తుతో పుడుతుంది.

నియమాల సంగతి క్లుప్తంగా చెబుతాను. వకీలుగా పేరు నమోదు చేసుకుని ప్రాక్టీసు చేస్తూ పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయకూడదు. న్యాయశాస్త్రం బోధించవచ్చు గాని రోజుకు మూడు గంటలు మించకూడదు. ఫీజు దరఖాస్తుకు ఇంత అని ముందే చెప్పండి. ఒకే వీధిలో బిల్డరు పనీ, ఆ బిల్డరు మీద ఫిర్యాదు చేసినవారి పనీ రెండూ ఒప్పుకోకండి. అలా ఒప్పుకున్నవారిని చూశాను, చివరికి రెండు వైపులా ముఖం చెల్లలేదు.

వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు, దుకాణాలు తెరవకముందే, నేను పొరబడిన ఆ సందుకు వస్తున్నాను. ముందు సందు వెంట టేపుతో, తరువాత పటం మీద స్కేలుతో, రెండు విధాలా కొలిచి చూద్దాం. యాభై మీటర్ల టేపు నా దగ్గర ఉంది. రెండో కొస పట్టుకోవడానికి ఒకరు కావాలి.