కేసులు తగ్గాయా, వెతకడం తగ్గిందా?

(పీహెచ్‌సీ డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఏఎన్ఎంల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కొండ దిగి ఇంత దూరం వచ్చిన ఏఎన్ఎం అక్కచెల్లెళ్లకు, హెల్త్ అసిస్టెంట్లకు ప్రత్యేకంగా నమస్కారం.

మలేరియా నిఘా వ్యవస్థ, అంటే జ్వరాలను వెతికి, రక్తం పరీక్షించి, కేసులు నమోదు చేసే ఏర్పాటు, ఎలా పనిచేస్తోందో చూసే మూల్యాంకనం గురించి మాట్లాడమన్నారు. పేరు పెద్దదే కానీ అడగాల్సిన ప్రశ్న చిన్నది. పాడేరు ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీ పరిధిలో ఈ ఏడాది కేసులు సగానికి తగ్గాయనుకుందాం. జ్వరాలు తగ్గాయా, మనం వెతకడం తగ్గిందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని నిఘా ఎన్ని రిపోర్టులు పంపినా ఏం లాభం?

ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. 1958లో మన దేశం మలేరియా నిర్మూలన మొదలుపెట్టింది. 1960ల మధ్యకల్లా నమోదయ్యే కేసులు ఏడాదికి లక్ష దాకా దిగివచ్చాయి. 1976లో అవే 64 లక్షలు దాటాయి. దోమలు డీడీటీకి లొంగకపోవడం, సరఫరాల కొరత లాంటి కారణాలు చాలా ఉన్నాయి. అన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే. జబ్బు తగ్గిందని నిఘా పనిని సాధారణ ఆరోగ్య కేంద్రాలకు అప్పగించిన చాలాచోట్ల ఆ పని చేసే మనుషులూ ల్యాబులూ సరిపడా లేరు. జబ్బు తిరిగొచ్చిందని తెలిసేసరికి అది ఊళ్లకు ఊళ్లే పాకిపోయింది. ఇప్పుడు మళ్లీ మనం 2027 నాటికి స్థానిక కేసులు సున్నా అంటున్నాం, 2030కి నిర్మూలన అంటున్నాం. నాకు ఆ లక్ష్యం మీద నమ్మకం ఉంది. అందుకే ఆ సున్నాను గట్టిగా పరీక్షించాలంటాను.

మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న కొలత ఏబీఈఆర్, అంటే ఏడాదిలో జనాభాలో ఎంత శాతానికి రక్త పరీక్ష చేశామన్న లెక్క. వంద మంది జనాభాకు ఏడాదిలో కనీసం పది రక్త పరీక్షలు జరగాలి. వెయ్యి మంది ఉన్న పంచాయతీలో వంద స్లైడ్లు (గాజు పలక మీద రక్తపూతలు) తీస్తే టార్గెట్ పూర్తి. కానీ ఆ వంద ఎప్పుడు తీశారు? ఎవరి దగ్గర తీశారు? జనవరి, ఫిబ్రవరిలో రోడ్డు పక్క ఊళ్లో, ఆశ్రమ పాఠశాలలో జ్వరం లేని పిల్లల దగ్గర తీసినా లెక్క వందే. జూలైలో వాన పడుతుంటే, గెడ్డ దాటి, పోడు పాకలో వణుకుతున్న మనిషి దగ్గర తీసినా లెక్క వందే. కాగితం మీద రెండూ ఒకటే. అందుకే నేను ఏ పీహెచ్‌సీకి వెళ్లినా మొత్తం సంఖ్య తరవాత చూస్తాను. ముందు నెలలవారీగా, ఊరివారీగా విడదీసి ఇవ్వమంటాను. ఏడాది పొడవునా ఒక్క స్లైడు కూడా రాని ఊరు ఏది? ఆ పేర్ల జాబితాయే మూల్యాంకనానికి మొదటి పేజీ కావాలి. సున్నా కేసులు, సున్నా పరీక్షలు ఉన్న ఊరిని మలేరియా లేని ఊరు అనకూడదు. అక్కడ ఏం జరుగుతోందో మనకు తెలియదు, అంతే.

ఇక రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, తేదీలు. రిజిస్టర్ తెరిచి ఏదైనా ఒక పాజిటివ్ పేరు దగ్గర వేలు పెట్టండి. జ్వరం మొదలైన రోజు, రక్తపూత తీసిన రోజు, స్లైడు ల్యాబుకు చేరిన రోజు, చూసిన రోజు, మందు మొదలైన రోజు వరసగా రాయండి. మైక్రోస్కోపు ముందు కూర్చున్న టెక్నీషియన్ ఒక్కో స్లైడులో వందకు తగ్గకుండా ఫీల్డులు, అంటే లెన్సులో ఒకసారికి కనిపించే భాగాలు, ఓపిగ్గా చూస్తాడు. కష్టమైన పనే. కానీ ఆ స్లైడు సంత రోజు దాకా సబ్‌సెంటర్ అలమరలో ఉండిపోతే ఆ ఓపిక ఎవరికి ఉపయోగపడింది? ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా రకం సోకిన మనిషి రక్తంలో దోమకు ఎక్కగలిగే రూపాలు తయారవడానికి సుమారు పది రోజులు పడుతుంది. ఆలోపు మందు పడితే రోగి కోలుకుంటాడు, జబ్బు పాకే గొలుసూ తెగుతుంది. ఆలస్యమైతే మనం రాసేది చికిత్స కాదు, చరిత్ర.

చైనా కేసును ఒక రోజులో రిపోర్టు చేయాలని, మూడు రోజుల్లో విచారించాలని, ఏడు రోజుల్లో ఆ చోట చర్యలు తీసుకోవాలని పెట్టుకుంది. 2021లో మలేరియా రహిత దేశంగా ధ్రువీకరణ పొందింది. మన కొండల్లో దారి లేని ఊళ్లు, డోలీ మోతలు ఉన్నాయి కాబట్టి అవే గడువులు పెట్టుకోమనను. మనకు ఎన్ని రోజులు పడుతోందో ముందు నిజాయితీగా కొలుచుకుందాం.

అక్కడికక్కడే ఫలితం చెప్పే ర్యాపిడ్ టెస్ట్ కిట్లు వచ్చాక ఈ ఆలస్యం చాలా తగ్గింది. కానీ ఎండలో పాడైన కిట్ తప్పు చెబుతుంది. కిట్ మీద ఫాల్సిపారం ఉందని చూపే గీత మందు వేసుకున్నాక కూడా కొన్ని వారాలు కనిపించవచ్చు. కాబట్టి స్లైడు చూడటం మానొద్దు, నెగెటివ్ అన్నవాటిలో కొన్నిటిని వేరే చోట మళ్లీ చూపించడం అసలే మానొద్దు.

ఆర్‌ఎంపీల దగ్గర, మందుల షాపుల్లో ఇంజక్షన్లు, మాత్రలు తీసుకుని వెళ్లిపోయే జ్వరాలు మన లెక్కలోకి రావు. వాళ్లను తిట్టి లాభం లేదు. జనం వాళ్ల దగ్గరికి ఎందుకు వెళ్తున్నారో అడగండి. చాలాచోట్ల జవాబు ఒకటే వస్తుంది: రాత్రి తలుపు తీసేది వాళ్లే.

చివరిగా ఆశాల మాట. సూది గుచ్చేది ఆమె, తిట్లు తినేది ఆమె, “మొన్న తీసుకెళ్లిన రక్తం ఏమైంది?” అని ఊరంతా నిలదీసేదీ ఆమెనే. జవాబు లేకపోతే మరుసటిసారి వేలు ఎవరిస్తారు? కాబట్టి మీరు చేసే ప్రతి మూల్యాంకనంలో రెండు లెక్కలు ఆమెకు పంపండి: ఆమె తీసిన పూతల్లో ఎన్ని పాజిటివ్ వచ్చాయి, ఫలితం ఆమెకు చేరడానికి ఎన్ని రోజులు పట్టింది. జిల్లాకు రిపోర్టు పంపే రోజే, తెల్ల కాగితం మీదైనా సరే, తెలుగులో రాసి పంపండి.