నెలల లెక్కకు ముందు జన్యు పరీక్ష

సభకు నమస్కారం. సమయం తక్కువ కనుక నేరుగా విషయానికి వస్తాను.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకు పాకిందని తెలిసిన రోజే మా అక్కకు ఒక వైద్యుడు ఆరేడు నెలలని చెప్పేశారు. కణితిలో ఏ జన్యువు మారిందో, దానికి తగిన మందు ఉందో చెప్పే జన్యు పరీక్ష అప్పటికి జరగనే లేదు. ఆ ఆరేడు నెలలన్నది కీమోథెరపీ తప్ప మరో దారి లేని కాలపు లెక్క. కణితిలోని ఇజిఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నవారికి ఓసిమెర్టినిబ్ మాత్ర ఇచ్చిన ఫ్లోరా అధ్యయనంలో మధ్యస్థ ఆయుర్దాయం 38.6 నెలలని 2019లో ప్రకటించారు. అంటే సగం మంది అంతకు మించి జీవించారు. ఎఎల్‌కె అనే మరో జన్యువులో మార్పు ఉన్నవారికి లోర్లాటినిబ్ మాత్ర ఇస్తే, అయిదేళ్లకు కూడా సుమారు 60 శాతం మందిలో వ్యాధి ముదరలేదు. ఎముకలకు పాకనివారూ ఈ లెక్కల్లో ఉన్నారు కనుక, పాకినవారికి ఇవి కొంత తగ్గుతాయన్నది దాచను. అయినా ఆరు నెలల మాటకూ వీటికీ ఎంత దూరమో చూడండి!

అక్కకు బయాప్సీ ఎముక నుంచే తీశారు. గట్టిగా ఉన్న ఆ ముక్కను మెత్తబరచడానికి గాఢమైన ఆమ్లంలో ఉంచడంతో డిఎన్ఎ పాడైపోయి, జన్యు పరీక్షకు పనికిరాలేదు. చివరకు రక్తపరీక్షలో ఇజిఎఫ్ఆర్ మార్పు బయటపడింది. ఈ సభలో రోగుల బంధువులుంటే, ముక్క తీయకముందే దాన్ని ఎలా మెత్తబరుస్తారో, జన్యు పరీక్షకు పనికొస్తుందో లేదో అడగండి. ఆమ్లంలో పడ్డాక అడిగి లాభం లేదు.

మాత్ర మొదలయ్యాక నొప్పి తగ్గింది, కానీ బోన్ స్కాన్‌లో కొత్త మచ్చలు కనిపించాయి. మందు పనిచేయడం లేదు, మానేద్దామన్నారు ఇంట్లో అందరూ. నయమవుతున్న ఎముక కూడా స్కాన్‌లో అలాగే వెలుగుతుందని మరొక వైద్యుడు వివరించి, సీటీ తీయిస్తే ఊపిరితిత్తిలోని కణితి సగానికి తగ్గి ఉంది. ఆ రోజు మాత్ర ఆపేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

కొంతకాలానికి క్యాన్సర్ మాత్రకు లొంగకుండా పోవచ్చు; అప్పుడు మళ్లీ పరీక్షించి మందు మార్చాలి. ఆయుర్దాయం పెరిగిన కొద్దీ ఎముకలను కాపాడుకోవలసిన కాలమూ పెరుగుతుంది కనుక ఎముకలను కాపాడే మందులైన డెనోసుమాబ్ లేదా జోలెడ్రోనిక్ ఆమ్లం గురించి వైద్యునితో మాట్లాడండి, అవి మొదలుపెట్టే ముందు పళ్లు చూపించుకోండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము నలుగుతున్నదేమోనని అనుమానించి, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.