విస్కాన్సిన్ 2018: అర్ధరాత్రి దాటాక గవర్నర్ ఎలా మారాడు?

అందరికీ నమస్కారం. 2018 నవంబర్ 6న అమెరికాలోని విస్కాన్సిన్‌లో గవర్నర్ ఎన్నిక జరిగింది. సిట్టింగ్ గవర్నర్ స్కాట్ వాకర్, రిపబ్లికన్. ఆయన మీద నిలబడింది టోనీ ఎవర్స్, డెమొక్రాట్, అప్పటికి రాష్ట్ర విద్యాశాఖ అధిపతి. ఎవర్స్‌కి 13,24,307 ఓట్లు, వాకర్‌కి 12,95,080. తేడా 29,227. ఆ రాత్రి కౌంటింగ్ ఎలా నడిచింది, ఓడిన గవర్నర్‌కి రీకౌంటింగ్ ఎందుకు దొరకలేదు, ఇవాళ ఇదే చూద్దాం.

గవర్నర్ అంటే మన దగ్గర రాష్ట్రపతి నియమించే పదవి. అక్కడ జనం నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు, మన ముఖ్యమంత్రి చేసే పనులన్నీ ఆయనవే. విస్కాన్సిన్ గవర్నర్ చేతిలో ఇంకొకటి ఉంది: బడ్జెట్ బిల్లులో పదాలు, అంకెలు కొట్టేసే వీటో. 2023లో ఎవర్స్ ఏం చేశారో చూడండి. స్కూళ్లు ఒక్కో విద్యార్థికి ఏటా 325 డాలర్లు అదనంగా రాబట్టుకునే వీలు 2023-24, 2024-25 రెండేళ్లకే అని బిల్లులో ఉంది. ఆయన కొన్ని పదాలూ, ఒక 20, ఒక చిన్న గీత కొట్టేశారు. మిగిలింది 2425. అంటే ఆ వీలు నాలుగు వందల ఏళ్లకు సాగింది! 2025లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా అది చెల్లుతుందంది. ఆ కుర్చీకి అంత బలం ఉంది కాబట్టే అంత పోటీ.

వాకర్ సామాన్యుడు కాదు. 2010లో గెలిచారు. 2011లో ప్రభుత్వోద్యోగుల యూనియన్ల బేరసారాల హక్కులకు కోత పెట్టారు. దాని మీద జనం సంతకాలు సేకరించి 2012లో రీకాల్ ఎన్నిక, అంటే గవర్నర్‌ని పదవీకాలం మధ్యలోనే దించే ఎన్నిక తెచ్చారు. అందులోనూ నెగ్గారు. అమెరికాలో రీకాల్ ఎన్నికను గెలిచి నిలబడిన మొదటి గవర్నర్ ఆయనే. 2014లో మళ్లీ గెలిచారు. 2018 ప్రచారమంతా స్కూళ్లు, గుంతల రోడ్లు, ఆరోగ్య బీమా, ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఫాక్స్‌కాన్‌కి ఇచ్చిన భారీ రాయితీల మీద నడిచింది. రాజధాని మ్యాడిసన్ ఉన్న డేన్ కౌంటీ ఒక్కదాంట్లోనే ఎవర్స్‌కి దాదాపు లక్షన్నర ఆధిక్యం వచ్చింది. మిగతా రాష్ట్రం దాన్ని చాలావరకు తినేసింది.

అందుకే అర్ధరాత్రి వేళకి ఇద్దరూ దాదాపు సరిసమానంగా ఉన్నారు. అప్పుడు మిల్వాకీ నగరం నుంచి 46 వేలకు పైగా ఆబ్సెంటీ బ్యాలెట్ల (పోలింగ్ రోజు బూత్‌కి రాకుండా పోస్టులోనో, ముందుగానో వేసిన ఓట్ల) లెక్క ఒక్కసారిగా వచ్చి పడింది. మిల్వాకీ డెమొక్రాట్ల కోట. ఎవర్స్ లీడ్ ఒక్క ఊపులో లేచింది. చూసేవాళ్లకి అనుమానం రావడం సహజమే. కానీ అది అలా రావడానికి కారణం ఆ రాష్ట్ర చట్టం.

మన దగ్గర పోలింగ్ ఒక రోజు, కౌంటింగ్ ఇంకో రోజు. పొద్దున 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లతోనే మొదలుపెడతారు. విస్కాన్సిన్‌లో పోలింగ్ రోజే కౌంటింగ్. ఆబ్సెంటీ బ్యాలెట్లు ఎన్ని రోజుల ముందు వచ్చినా, పోలింగ్ రోజు ఉదయం 7 దాకా ఒక్క కవరు తెరవడానికి వీల్లేదు. ఫ్లోరిడాలో ముందే తెరిచి సిద్ధం చేసుకుంటారు కాబట్టి అక్కడ రాత్రికే లెక్క తేలుతుంది. మిల్వాకీ ఈ కవర్లన్నిటినీ పోలింగ్ బూత్‌లకు పంపదు, ఒకే కేంద్రంలో లెక్కపెడుతుంది. ముందుగా ఎన్నికల ఆఫీసుకి వెళ్లి ఓటేసినవాళ్లవీ కవర్లోనే పెడతారు, అవీ ఇక్కడికే వస్తాయి.

ఒక్క కవరుకి ఎంత పని ఉందో చూడండి. ఓటరు సంతకం, సాక్షి సంతకం, సాక్షి చిరునామా ఉన్నాయా అని చూడాలి. పేరు చదివి, జాబితాలో నంబరు వేయాలి. కవరు తెరిచి, మడత పడ్డ బ్యాలెట్‌ని చదును చేసి మిషన్‌లో పెట్టాలి. చిరిగిందనో, మరక పడిందనో మిషన్ తీసుకోకపోతే ఇద్దరు సిబ్బంది కలిసి కొత్త బ్యాలెట్ మీదికి ఆ ఓటుని ఎక్కించాలి. ఇలా వేల మీద వేల కవర్లు. పొరపాట్లూ జరుగుతాయి. 2024లో అదే కేంద్రంలో మిషన్ల తలుపులు సరిగా సీలు కాలేదని 30 వేలకు పైగా బ్యాలెట్లని మళ్లీ మొదటి నుంచి మిషన్‌లో పెట్టారు. ఆలస్యమైంది, అయినా అదే సరైన పని. అక్కడ సిటిజన్‌షిప్ తీసుకుని ఓటేసే మనవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: సాక్షి చిరునామా వదిలేస్తే ఓటు పోయే ప్రమాదం ఉంది. పోలింగ్ రోజు రాత్రి 8 లోపు కవరు చేరకపోతే లెక్కలోకే రాదు.

ఇక రీకౌంటింగ్. 2016 అధ్యక్ష ఎన్నికలో 1 శాతం ఓట్లు తెచ్చుకున్న గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్, డబ్బు కట్టి రాష్ట్రమంతా మళ్లీ లెక్కపెట్టించారు. దాంతో 2017లో చట్టం మార్చారు. ఓడిన అభ్యర్థి తేడా మొత్తం పోలైన ఓట్లలో 1 శాతం లోపుంటేనే రీకౌంటింగ్ అడగగలడు. 0.25 శాతం లోపైతే ఖర్చు ప్రభుత్వానిదే. ఆ బిల్లు మీద సంతకం పెట్టిన గవర్నర్ వాకరే.

2018లో గవర్నర్ పదవికి పోలైనవి దాదాపు 26.7 లక్షలు. ఒక శాతమంటే 26,700 పైచిలుకు. తేడా 29,227. రెండున్నర వేల ఓట్ల దూరంలో దారి మూసుకుపోయింది. మర్నాడే వాకర్ ఓటమి ఒప్పుకున్నారు. నన్నడిగితే, రీకౌంటింగ్ దొరికినా ఫలితం మారేది కాదు. 2016లో దాదాపు 30 లక్షల ఓట్లు మళ్లీ లెక్కపెడితే ట్రంప్ ఆధిక్యం 131 పెరిగింది, అంతే. 2020లో డేన్, మిల్వాకీ కౌంటీల్లో మళ్లీ లెక్కపెడితే బైడెన్‌కి 87 పెరిగాయి. రీకౌంటింగ్‌తో వందల్లో తేడా సరిదిద్దవచ్చు, ఇరవై తొమ్మిది వేలు కాదు.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. మన దగ్గర ముఖ్యమంత్రి ఓడితే రాజీనామా ఇచ్చి ఆపద్ధర్మంగా కొన్ని రోజులు ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్ 4న ఫలితాలు, 12న కొత్త ప్రమాణం. విస్కాన్సిన్‌లో ఓడిన గవర్నర్‌కి జనవరి దాకా పూర్తి అధికారాలే. చట్టసభలు రెండూ రిపబ్లికన్ల చేతిలోనే ఉన్నాయి. డిసెంబర్‌లో ప్రత్యేక సమావేశం పెట్టి, రాబోయే గవర్నర్ అధికారాలు తగ్గించే బిల్లులు చేశారు. డిసెంబర్ 14న వాకర్ సంతకం పెట్టారు. వాటి ప్రకారం, ఒబామాకేర్ అనే కేంద్ర ఆరోగ్య బీమా చట్టం మీద రాష్ట్రం వేసిన దావాని చట్టసభ ఒప్పుకోకుండా వెనక్కి తీసుకోకూడదు. ఉద్యోగాలు తెచ్చే రాష్ట్ర సంస్థకి అధిపతిని 2019 సెప్టెంబర్ దాకా కొత్త గవర్నర్ నియమించకూడదు. ముందస్తు ఓటింగ్ రెండు వారాలే. జనం తీర్పు వచ్చాక ఇలా చేయడం నాకు ఏ పార్టీ చేసినా తప్పే. ఎవర్స్ 2019 జనవరి 7న ప్రమాణం చేశారు. ముందస్తు ఓటింగ్ కోతని ఫెడరల్ జడ్జి ఆ నెలలోనే ఆపారు. మిగతావాటిలో చాలా భాగాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు నిలబెట్టింది.