అరెస్టు చూపించడానికి ముందు

సభకు నమస్కారం.

నిర్వాహకులు నన్ను చిత్రహింసల నిరోధం మీద మాట్లాడమన్నారు. చట్టాలు చెప్పడం పెద్ద పని కాదు. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. లా చదివే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్లు నాకంటే బాగా అప్పజెబుతారు. నేను ఒకే ఒక్క విషయం పట్టుకుని మాట్లాడతాను. ఊళ్లోంచి మనిషిని ఎత్తుకెళ్లిన ఘడియకూ, అరెస్టు చూపించిన ఘడియకూ, అంటే కాగితాల మీద అరెస్టని రాసిన ఘడియకూ, నడుమ ఉండే కాలం. అది ఒక రాత్రి కావచ్చు, వారం కావచ్చు. ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఒళ్లు హూనమయ్యేది అప్పుడే.

మావోయిస్టు ప్రాంతాల పోలీసు ప్రకటనలు మీరూ చదివే ఉంటారు. వాహన తనిఖీలు చేస్తుండగా అనుమానాస్పదంగా కనిపించారు, పోలీసులను చూసి పారిపోతుండగా చాకచక్యంగా పట్టుకున్నారు, సోదా చేస్తే విప్లవ సాహిత్యం, డిటోనేటర్లు, పేలుళ్లకు వాడే కార్డెక్స్ వైరు దొరికాయి. ఊర్లూ పేర్లూ మారతాయి గానీ పాఠం మారదు. ఫొటోలో ముఖాలకు నల్లగుడ్డలు కట్టిన నలుగురు, ముందు బల్ల మీద సామాన్లు, వెనక బ్యానరు. ఆ నలుగురి పాదాలు చూడండి. కొందరికి చెప్పులుండవు. అడవి దారుల్లో డిటోనేటర్లు మోసేవాడు ఉత్త కాళ్లతో తిరుగుతాడా, లేక తెల్లారుజామున నిద్రలోంచి లేపి తెస్తే అలా ఉంటాడా? ఇది రుజువు కాదు, నాకూ తెలుసు. ప్రశ్న మాత్రమే. విలేకరుల సమావేశంలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు, అదే నా బాధ.

ఇంతకీ వీళ్ల మీద ఆరోపణ ఏమిటి? ఎక్కువసార్లు సాయుధ చర్య కాదు. అన్నం పెట్టారు, దారి చూపించారు, మందులు తెచ్చిచ్చారు, ఉత్తరం చేరవేశారు. రాత్రి పదింటికి తుపాకులు పట్టుకుని పదిమంది గుమ్మంలో నిలబడి బువ్వ ఉందా అంటే లేదనే ధైర్యం మనలో ఎవరికుంది? చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, అదే ఉపా, 19వ సెక్షను చదవండి. ఉగ్రవాది అని తెలిసి ఇష్టపూర్వకంగా ఆశ్రయమిస్తే మూడేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా శిక్ష. భార్యకో భర్తకో అయితే మినహాయింపు ఉంది. కన్నతల్లికి లేదు. జ్వరంతో ఇంటికొచ్చిన కొడుక్కి గంజి పోసిన ముసలమ్మ చట్టం దృష్టిలో ముద్దాయి కావచ్చు. ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాట సెక్షన్లో ఉంది గానీ, దాని మీద వాదన జరిగేది విచారణలో. విచారణ దాకా మనిషి ఉండేది జైల్లో.

అవతలి పక్షం గురించి కూడా చెప్పాలి, లేకపోతే నా మాటకు విలువ ఉండదు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి, ప్రజాకోర్టు పేరుతో మావోయిస్టులు చంపిన ఆదివాసులూ తక్కువేం కాదు. పోలీసులు పట్టుకెళ్లి కొట్టి వదిలేసినవాడు ఊరికి తిరిగొస్తే, ఎందుకు వదిలారన్న అనుమానం మావోయిస్టులకు. మావోయిస్టులను రానిస్తే పోలీసులు కొడతారు, పోలీసులతో మాట్లాడితే మావోయిస్టులు చంపుతారు. హింసను ఎవరు చేసినా ప్రశ్నించాలని హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ వాదించారు. ఆ వాదన నాకు సమ్మతమే. అయితే ఒక తేడా ఉంది. రాజ్యం రాజ్యాంగం మీద ప్రమాణం చేసి జీతం తీసుకుంటుంది.

బుర్కపాల్ సంగతి చాలామంది మరచిపోయారు. 2017 ఏప్రిల్ 24న ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాలో మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఘోరం. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసులను పట్టుకొచ్చి ఉపా కింద కేసు పెట్టారు. అయిదేళ్లు జైల్లో ఉన్నాక, 2022 జులైలో ప్రత్యేక కోర్టు 121 మందిని నిర్దోషులని వదిలేసింది. అయిదేళ్లలో ఎన్ని పంటలు పోతాయో, ఎన్ని కుటుంబాలు వలసపోతాయో ఎవరు లెక్కేశారు? జవాన్ల కుటుంబాలకైనా న్యాయం జరిగిందా అంటే అదీ లేదు. నేరం చేసినవాళ్లు దొరకలేదు, దొరికినవాళ్లు చేయలేదు.

సమాచారం కోసం కొట్టక తప్పదండీ అంటారు కొందరు అధికారులు. కొంతమంది మంచివాళ్లే, నిజంగానే నమ్మి అంటారు. దెబ్బలకు తాళలేనివాడు ఏం చెబుతాడు? పేర్లు చెబుతాడు. గట్టుతగాదా ఉన్న పక్కింటివాడి పేరు, అప్పు ఎగ్గొట్టిన బావమరిది పేరు, ఏదో ఒక పేరు. ఆ పేర్లు రేపటి అనుమానితుల జాబితా. ఇది మన దగ్గరే కాదు. సాయుధ పోరాటాన్ని అణచడానికని బ్రిటిష్ ప్రభుత్వం 1971 ఆగస్టు 9న ఉత్తర ఐర్లండ్‌లో ఒక్కరోజున 342 మందిని విచారణ లేకుండా పట్టుకుంది. వాళ్ల చేతిలోని అనుమానితుల జాబితా పాతది. రెండు రోజుల్లోనే వందమందికి పైగా వదలాల్సి వచ్చింది. 14 మందిని మాత్రం వేరు చేసి ముఖాలకు ముసుగులు వేశారు, గోడకు ఆనించి గంటల తరబడి నిలబెట్టారు, చెవులు పగిలే చప్పుడు పెట్టారు, నిద్రా తిండీ లేకుండా చేశారు. 1978లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు అది అమానుషమే గానీ చిత్రహింస అనేంత కాదంది. ఇవాళైతే దాన్ని చిత్రహింస అనే అంటామని 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. యాభై ఏళ్లు పట్టింది. ఆ అరెస్టులతో ఐర్లండ్ చల్లబడిందా? అరెస్టుల మరుసటి ఏడాది 1972 అక్కడ అన్నిటికన్నా నెత్తుటి ఏడాది.

మన చట్టానికి ఈ సంగతి తెలియక కాదు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని తెల్లవాళ్లు రాసిన సాక్ష్య చట్టంలోనే ఉంది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షను. కానీ ముద్దాయి చెబితే ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు చెల్లుతుంది. అందుకే ప్రతి కేసులోనూ ఏదో ఒకటి ‘దొరుకుతుంది’. ఉగ్రవాదం మీద తెచ్చిన టాడా చట్టం ఇంకో అడుగు వేసి ఎస్పీ ముందు ఒప్పుకోలునే సాక్ష్యం చేసింది. అదీ, తర్వాత వచ్చిన పోటా కూడా పోయాయి. ఉపా అలా చేయలేదు, నిజమే. దానికి బదులు ఛార్జిషీటు లేకుండా 180 రోజుల దాకా లోపల ఉంచే వీలిచ్చింది, బెయిలుకు అడ్డుగోడ కట్టింది. ఒప్పుకోలుతో పనేముంది? ఆరోపణే శిక్షగా సరిపోతుంది.

సోని సోరి విషయంలో ఏం జరిగింది? దంతెవాడ టీచరు. మావోయిస్టులకు డబ్బు చేరవేసిందన్న కేసులో 2011 అక్టోబరులో ఢిల్లీలో అరెస్టు చేసి ఛత్తీస్‌గఢ్ తీసుకెళ్లారు. కస్టడీలో తనను హింసించారని ఆమె చెప్పింది. సుప్రీంకోర్టు ఆదేశంతో కలకత్తా ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేస్తే శరీరం లోపల రాళ్లు దొరికాయి. రాళ్లు ఎలా వెళ్లాయన్న ప్రశ్నకు ఏ అధికారీ శిక్ష అనుభవించలేదు. 2022 మార్చిలో ఆమె చివరి కేసు నుంచీ బయటపడింది. అక్కడిదాకా రావడానికి ఆమెకు చదువుంది, ఢిల్లీలో లాయర్లున్నారు. గోండి తప్ప మరో భాష రాని మనిషికి మేజిస్ట్రేటు అడిగిన ప్రశ్నే అర్థం కాదు. పక్కన నిలబడి తర్జుమా చేసేది ఎవరు? చాలాసార్లు, పట్టుకొచ్చిన కానిస్టేబులే.

1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన డి.కె. బసు తీర్పు ఈ చీకటి కాలాన్ని మూసేయాలనే చూసింది. అరెస్టు మెమో మీద తేదీ, వేళ రాయాలి. ఇంట్లోవాళ్లో, ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. ఒంటి మీది గాయాలు అప్పుడే రాసుకోవాలి, 48 గంటలకోసారి డాక్టరు చూడాలి. అంతా బాగుంది. అరెస్టే లేదంటే మెమో ఎక్కడిది? పట్టుకొచ్చింది గెస్టు హౌసుకైతే, క్యాంపుకైతే, స్టేషన్లో 2020లో సుప్రీంకోర్టు పెట్టమన్న కెమెరాలు ఎవరిని చూస్తాయి?

అప్పుడు మనకు మిగిలేది హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెచ్చి చూపించమనే పిటిషను. తండ్రో భార్యో హైకోర్టుకు వెళతారు. ప్రభుత్వ న్యాయవాది మా దగ్గర లేడంటాడు. నోటీసు వెళ్లిన ఒకటి రెండు రోజులకు ఎక్కడో అరెస్టు చూపిస్తారు. మనిషి దొరికాడు కదా, ఇంకేముంది అని కోర్టు పిటిషను మూసేస్తుంది. కుటుంబం కూడా ప్రాణం ఉంది చాలని దణ్ణం పెడుతుంది, వాళ్లను తప్పుపట్టను. తప్పు అక్కడ మూసేయడంలో ఉంది. మొన్నటిదాకా లేడన్నవాడు ఇవాళ ఎలా ఉన్నాడు? ఆ నాలుగు రోజులు ఎక్కడున్నాడు? ప్రమాణం చేసి అబద్ధం చెప్పింది ఎవరు?

లాయర్లకు నా విన్నపం ఇదే. మూసేద్దామని కోర్టు అన్నప్పుడు సెబాస్టియన్ హోంగ్రే తీర్పు ముందు పెట్టండి. 1982లో మణిపూర్‌లోని ఒక నాగా గ్రామం నుంచి సైన్యం ఇద్దరిని క్యాంపుకు తీసుకెళ్లింది. ఒకరు బడి హెడ్మాస్టరు, ఇంకొకరు చర్చి సహాయ పాస్టరు. వాళ్లు వెళ్లిపోయారని సైన్యం చెప్పింది. సుప్రీంకోర్టు నమ్మలేదు. మనుషుల్ని తెచ్చి చూపించమంది, చూపించలేకపోయేసరికి ఇద్దరి భార్యలకూ చెరో లక్ష రూపాయలు కట్టమని 1984లో ఆదేశించింది. అంటే, చివరిసారి ఎవరి చేతుల్లో ఉన్నాడో వాళ్లే జవాబు చెప్పాలి. మన అఫిడవిట్లో ఎత్తుకెళ్లిన వేళ, బండి నంబరు, చూసినవాళ్ల పేర్లు ఉంటే ఆ వాదన నిలబడుతుంది. అందుకని ఊళ్లో ఉండేవాళ్లకు చెబుతున్నాను: మనిషిని తీసుకెళ్లిన గంటలోపు ఎస్పీకి, జిల్లా జడ్జికి, మానవ హక్కుల కమిషనుకు ఒక మెసేజో మెయిలో పంపండి. భాష తప్పులున్నా ఫరవాలేదు. పంపిన వేళ దాని మీద పడుతుంది. పోలీసు రిజిస్టరులో లేని ఆ వేళకు కోర్టు ముందు ఉండే కాగితం అదొక్కటే.

ప్రశ్నలుంటే అడగండి. సెక్షన్ల గురించి కాదు, మీ ఊళ్లో జరిగినవి ఉంటే ముందు అవి చెప్పండి.