అర్హత ఉన్నా అందని బీమా

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో పేదల వైద్య ఖర్చు భరించే మెడికెయిడ్ పథకం 1965లో ఏర్పడింది. కానీ పిల్లలు లేని, 65 ఏళ్లు నిండని పెద్దలు, వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ పొందకపోతే, ఎంత పేదవారైనా చాలా రాష్ట్రాల్లో వారికి అందులో చోటుండేది కాదు. 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం ఈ లోటును పూడ్చడానికి పూనుకుంది. 2014 జనవరి నుంచి, సమాఖ్య ప్రభుత్వం నిర్ణయించే పేదరిక రేఖకు 138 శాతం లోపు ఆదాయం గల పెద్దలకు, మానసిక చికిత్స, వ్యసన చికిత్సలతో కలిపి, బీమా దక్కే వీలు ఏర్పడింది. అయితే ఈ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేస్తూ 2012లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో, టెక్సాస్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలు నేటికీ దానికి దూరంగానే ఉన్నాయి.

విస్తరణ జరిగిన చోట సైతం అర్హులందరూ చేరడం లేదు. తీవ్రమైన కుంగుబాటులో ఉన్న మనిషికి వచ్చిన కవరు చించి చదవడమే భారం. ఎవరో తనను వెంటాడుతున్నారన్న భయంతో బతికేవారు ఆదాయం, చిరునామా అడిగే కాగితాన్ని నమ్మరు. ఇది బద్ధకం కాదు, జబ్బు లక్షణం. అందుకే దరఖాస్తు రోగి దగ్గరికి వెళ్లాలి. ఆశ్రయ కేంద్రంలో ఒక కేస్ వర్కర్, అంటే సాయం అందించే కార్యకర్త, పక్కన కూర్చుని, ఒక్కొక్క ప్రశ్నా చదివి వినిపిస్తూ, చిరునామా గడిలో ఆ కేంద్రం చిరునామానే రాస్తే పని సగం అయినట్టే. స్థిరమైన ఇల్లు లేదన్న కారణంతో దరఖాస్తును తిరస్కరించకూడదు. మెడికెయిడ్‌కు గడువు తేదీ కూడా లేదు, ఏడాదిలో ఏ రోజైనా దరఖాస్తు చేయవచ్చు. జైలు నుంచి విడుదలయ్యేవారి విషయంలో ఈ పని గేటు దాటకముందే పూర్తి కావాలి, ఎందుకంటే బయటికొచ్చిన తొలి వారాల్లోనే మత్తుమందు మోతాదు మించి ప్రాణాలు పోయే ముప్పు అత్యధికం.

చేరినవారు నిలవడం మరో కష్టం. ఉత్తరం పాత చిరునామాకు వెళితే రెన్యువల్ తప్పిపోతుంది, మందులు ఆగిపోతాయి. 2025 జూలైలో వచ్చిన చట్టం విస్తరణ కింద చేరినవారికి ఆరు నెలలకోసారి రెన్యువల్‌ను, 2027 జనవరి కల్లా నెలకు 80 గంటల పని నిబంధనను తెస్తోంది. పనిచేయలేనంత మానసిక రుగ్మత, వ్యసన రుగ్మత ఉన్నవారికి మినహాయింపు ఉన్నా, దాన్ని రుజువు చేసుకునే భారం వారి మీదే పడకూడదు. రోగి అడిగేదాకా ఆగకుండా, చికిత్స చేస్తున్న క్లినిక్కే అవసరమైన ధ్రువీకరణను సిద్ధం చేసి మెడికెయిడ్ కార్యాలయానికి పంపాలి.