సముద్రజలం ధ్వనిని ఎలా పీల్చుకుంటుంది?

సభకు నమస్కారం.

నీటిలో ధ్వని క్షీణించడానికి స్నిగ్ధత (నీటి పొరల మధ్య ఉండే లోపలి ఘర్షణ) ఒక్కటే కారణమైతే, సముద్రజలానికీ మంచినీటికీ మధ్య పెద్ద తేడా కనిపించకూడదు. కానీ 10 కిలోహెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు పది వేల కంపనాల ధ్వని విషయంలో, సముద్రజలం మంచినీటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ధ్వనిని శోషిస్తుంది, అంటే పీల్చుకుంటుంది. అనుమానం ముందుగా మామూలు ఉప్పు మీదికే పోతుంది గాని, దాని పాత్ర దాదాపు శూన్యం. అసలు కారణం అంతకన్నా చాలా తక్కువ మోతాదులో ఉండే మెగ్నీషియం సల్ఫేట్. ధ్వని తరంగం నీటిని నొక్కినప్పుడు మెగ్నీషియం, సల్ఫేట్ అయాన్ల (విద్యుదావేశం గల కణాల) జంటలు కొన్ని విడిపోతాయి, ఒత్తిడి తగ్గగానే మళ్లీ కలుస్తాయి. ఈ కలయిక, విడిపోవడం తరంగంతో సమంగా సాగలేక వెనుకబడినప్పుడు తరంగశక్తిలో కొంత వేడిగా మారిపోతుంది.

ఉష్ణోగ్రత విషయంలో చాలామంది పొరపడేది ఇక్కడే. నీరు వేడెక్కితే శోషణ పెరుగుతుందా, తగ్గుతుందా అని అడిగితే, ఏ పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య) వద్ద అని నేను ఎదురు ప్రశ్న వేయవలసి వస్తుంది. చల్లని నీటిలో ఆ అయాన్ల స్పందన నెమ్మదించి తరంగానికి మరింత వెనుకబడుతుంది కనుక, 20 కిలోహెర్ట్జ్ వద్ద 0 డిగ్రీల నీటిలోని శోషణ కిలోమీటరుకు సుమారు 4 డెసిబెల్‌లు ఉంటే, 25 డిగ్రీల నీటిలో అందులో సగానికి దగ్గరగా ఉంటుంది. 300 కిలోహెర్ట్జ్ దగ్గర ఇది తలకిందులై, వెచ్చని నీరే దాదాపు రెట్టింపు శోషిస్తుంది. లోతు ప్రభావం ఇంత చిక్కుగా ఉండదు: పీడనం పెరిగేకొద్దీ మెగ్నీషియం సల్ఫేట్ వల్ల కలిగే శోషణ తగ్గుతుంది.

కొన్ని కిలోహెర్ట్జ్‌లకు దిగువన పెత్తనం బోరాన్ మూలకం ఉండే బోరిక్ ఆమ్లానిది. లీటరు సముద్రజలంలో ఉండే బోరాన్ నాలుగైదు మిల్లీగ్రాములే, అయినా 1 కిలోహెర్ట్జ్ వద్ద శోషణలో అధికభాగం దాని వల్లనే. ఈ శోషణ నీటి పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత; ఇది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) మీద ఆధారపడుతుంది. పీహెచ్ 8 నుంచి 7.7కు దిగితే ఇది సుమారు నలభై శాతం తగ్గుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి సముద్రపు పీహెచ్ పడిపోతున్నందున, శోషణ తగ్గి శబ్దాలు మరింత దూరం పోయి, రేపటి సముద్రాలు భరించలేనంత సందడిగా మారతాయన్న భయం ఇక్కడి నుంచే పుట్టింది. నా దృష్టిలో అది అతిశయోక్తి. 1 కిలోహెర్ట్జ్ వద్ద శోషణ ఇప్పటికే కిలోమీటరుకు 0.06 డెసిబెల్ ప్రాంతంలో ఉంది, ఇంకా తక్కువ పౌనఃపున్యాలకు పోతే లెక్కలోకి రానంత స్వల్పం. 1991లో దక్షిణ హిందూ మహాసముద్రంలోని హర్డ్ దీవి వద్ద నీటిలోకి పంపిన 57 హెర్ట్జ్ ధ్వని వేల కిలోమీటర్లు దాటి అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాలలో వినిపించింది. అంత దూరంలో దాన్ని బలహీనపరచింది ముఖ్యంగా తరంగం విస్తరించడమే గాని, నీరు దాన్ని పీల్చుకోవడం కాదు.